అతుకు

పొందూరు దాటి రెండు కిలోమీటర్లు.
మంచినీళ్ళ పైపుకని జేసీబీ తవ్విన గోతిలో
నల్లటి కేబులు రెండు ముక్కలై పడుంది.
ధూళి పడకుండా తవుడు గొడుగు అడ్డం పట్టాడు,
నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ఇరవై నాలుగు గాజు పోగులు.
నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ...
ఏ రంగు ఆ రంగుకే కలవాలి.
నీలాన్ని తెచ్చి నారింజకి అతికిస్తే
రాజాం మాట రణస్థలంలో వినిపిస్తుంది.

ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, అంచు నరికి
మిషన్‌లో ఎదురెదురుగా పెడితే
చిటికెలో ఒక మెరుపు.
రెండు పోగులు ఒకటి.
సున్నా పాయింట్ సున్నా రెండు, అంది తెర.
అతుకు దగ్గర ఒలికిపోయే వెలుగు అంతే.

"ఇందులోంచి ఏటెల్తాది బావూ, కరెంటా?"
కరెంటు కాదురా, వెలుగు.
వెలిగితే ఒకటి, ఆరితే సున్నా.
ఉంది, లేదు. దానికి తెలిసినవి ఈ రెండే.
మిగతా మాటలన్నీ ఈ రెంటిలోంచి మనం వడుక్కున్నవి.

ఊళ్ళో రేషన్ డిపో ముందు
పొద్దున్నుంచి సంచులు వరసలో కూర్చున్నాయి.
"సర్వర్ లేదు" అంటున్నాడు డీలర్ ఎర్రయ్య,
చుట్టం ఊళ్ళో లేడన్నట్టు.
సర్వర్ ఉంది. ఎక్కడో చల్లటి గదిలో హాయిగా ఉంది.
లేనిది ఇక్కడ, ఈ గోతిలో, ఈ జానెడు.

వేలు పెడితే ఏమవుతుందో తవుడికి చెప్పాను.
గీతలు అంకెలవుతాయి, అంకెలు ముక్కలవుతాయి.
ప్రతి ముక్క మీదా ఎక్కణ్ణుంచో, ఎక్కడికో,
ఎన్నోదో రాసి ఉంటుంది.
మొన్న నాగావళి గట్టు తెగబోయిన రాత్రి
ఇసక బస్తాలు చేతులు మారాయి చూడు, అలాగ.
నీ పక్కవాడెవడో నీకు తెలుసు.
గట్టు చివర నిలబడ్డవాడి మొహం తెలీదు.
తెలియక్కర్లేదు, పక్కవాడికి అందిస్తే చాలు.
ఒక ముక్క సాలూరు చుట్టూ తిరిగెళ్ళినా తప్పులేదు,
వెనకది ముందు చేరినా తప్పులేదు,
అక్కడ నంబరు చూసి పేర్చుకుంటారు.
ఒకటి తగ్గితే కబురొస్తుంది:
ఏడోది రాలేదు, మళ్ళీ పంపు.

"మరి అందినట్టు ఎలా తెలస్తాది?"
అందినవాడు అందిందని అనాలి.
అనేదాకా పంపినవాడు పంపుతూనే ఉంటాడు.
తవుడు కాసేపు ఆలోచించాడు.
"మా బావ డబ్బులందేయని ఏనాడూ అన్లేదు."

నాలుగింటికి ఆఖరి పోగు.
చూద్దామని డిపోకెళ్ళాం.
మిషను మూడు చుక్కలు తిప్పి తిప్పి బతికింది.
వరస కదిలింది.
దాలమ్మ వంతొచ్చింది.

దాలమ్మ ఏభై ఏళ్ళుగా నూలు వడుకుతోంది.
వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకు చేసి
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఊపిరి తగిలితే తెగేంత దారం లాగుతుంది.
తెగితే ఆ రెండు వేళ్ళే కలుపుతాయి.
అతుకెక్కడో నేను కూడా పోల్చలేను.

బొటనవేలు పెట్టింది.
గీతలు అంకెలయ్యాయి, ముక్కలయ్యాయి,
టవరు దాకా గాలిలో ఎగిరి
నేను కలిపిన నీలం పోగులో దూకి
ఒక్క ముక్కా తప్పకుండా చేరాయి.
ఒక్క ముక్కా తప్పకుండా జవాబొచ్చింది:
సరిపోలలేదు.

కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
సరిపోలలేదు.
"నెట్టు బాగోలేదేటో" అన్నారెవరో.
నెట్టు బాగుంది. ఒట్టేసి చెబుతాను.
ఆ వేలి గీతల్ని నూలు పట్టుకుపోయింది,
ఒక్కో అతుకుకీ
సున్నా పాయింట్ సున్నా రెండు.

కుడిచేతి ఉంగరం వేలు పెట్టమన్నాడు ఎర్రయ్య.
ఆ వేలెప్పుడూ దారం పట్టి ఎరగదు.
మూడు చుక్కలు తిరుగుతున్నాయి.
వరసలో ఎవరూ దగ్గలేదు.
"ఏటంతంది?" అంది దాలమ్మ,
మిషన్ని కాదు,
నన్ను చూసి.